గట్క తిన్నా తప్పని సూది

గట్క గొప్పదని నాకు చెప్పడానికి ఇప్పుడు మనుషులు వస్తున్నారు. గట్క తిని పెరిగినదాన్ని నేను. జొన్నలు దంచి, ఇసుర్రాయి మీద రవ్వ పట్టి, మసిలే ఎసట్లో పోసి తెడ్డుతో కలుపుతూ గట్టిగా ఉడికిస్తే అది గట్క. మేము దాన్ని మోజుపడి తినలేదు. బియ్యం లేక తిన్నాం. నర్మెట్ట దగ్గర మా ఊళ్లో అన్నీ నీళ్లు లేని చెలకలే. జొన్న, కంది, ఆముదం తప్ప ఇంకేదీ పండేది కాదు. వరి అన్నం పండగ నాడో, ఎవరి దినాల నాడో కంటపడేది. అన్నం తినే ఇళ్లవాళ్లు మమ్మల్ని గట్కోళ్లని వెక్కిరించేవాళ్లు. చుట్టాలు గడప తొక్కగానే మా అమ్మ గట్క కుండకు మూతపెట్టి మూలకు జరిపేది.

ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే పాత తిండి గురించి ఇప్పుడు పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్లలో చాలామంది దాన్ని ఆకలికి తిన్నవాళ్లు కారు. అట్లని వాళ్ల మాట అబద్ధమని అనను. అందులో నిజం ఉంది. ఆ నిజం ఎంతదూరం వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మా తమ్ముడి కాలు దగ్గర కూర్చుని చూశాను.

తమ్ముడు మీసాలు వచ్చీ రాని వయసులోనే బొగ్గుబాయి పనికి పోయాడు. ఆ బాయీ ఈ బాయీ తిరిగి చివరికి భూపాలపల్లిలో రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగంలో ఉండగానే షుగర్ వచ్చింది. గోలీలు వేసుకునేవాడు, మర్చిపోయేవాడు. ఒక వానాకాలం ఎడమకాలి చిటికెన వేలు నల్లబడింది. డాక్టర్లు దాన్ని తీసేసి, ఇక గోలీలు సరిపోవని పొట్టకు పొడుచుకునే సూది రాసిచ్చారు. ఈసారి తేడా వస్తే పోయేది వేలు కాదు, పాదం అని చెప్పి పంపారు.

ఆ తర్వాతే మరదలు ఫోన్ చేసింది.

"వదినె, మీ తమ్ముడు నా చేతి కూడు తినడట. అన్నం విషమట. ఫోన్ల ఎవలో చెప్పిండట. అక్క వచ్చి గట్క పెడితె తింటడట. నువ్వొస్తవా, నేనే ఎటన్న పోవాల్నా?"

"నువ్వెటు పోకు. నేనొస్త," అన్నాను.

వస్తానని అనడం తేలిక. జొన్నలేవి? కాలువ నీళ్లు వచ్చాక మా ఊరంతా వరి, నీళ్లు ఎక్కని చోట పత్తి. జొన్న వేసిన ఒకరిద్దరూ పశువుల మేతకు వేసి పచ్చిదే కోసేస్తున్నారు. భూపాలపల్లి దుకాణాల్లో రంగురంగుల సంచుల్లో దొరుకుతాయి, కానీ చేతిలోకి తీసుకుంటే పాత పురుగు వాసన. మహబూబాబాద్ దగ్గర, మా మాటలో మానుకోట, ఒక తండాలో నాకు తెలిసిన మనిషి ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆ వైపు మిరపకాయలు ఏరడానికి కూలికి పోయేవాళ్లం. ఒకే చేనులో, పక్కపక్క సాళ్లలో వంగినవాళ్లం. ఆమె దగ్గరికి పోయాను.

"జొన్నలెందుకక్కా నీకు? కోళ్లకా?" అంది.

"మా తమ్మునికి. షుగర్."

పళ్లు లేని నోటితో నవ్వింది. "మా ఇంట్ల పోరగాండ్లు రొట్టె ముడ్తలేరు. రేషన్ల సన్నబియ్యం వస్తున్నయ్, గవే కావాలంటరు. పట్నపోళ్లేమో కార్లేసుకొని జొన్నలకొస్తున్నరు. మేం మీ అన్నం తినబడ్తిమి, మీరు మా రొట్టె తినబడ్తిరి. గిదేం తిరుగుడు!"

"మీకూ షుగరొస్తె మళ్ల ఎనుకకు తిరుగుతరు తియ్యి."

"రాకేంది, మా ఇంటాయనకు వచ్చింది. రొట్టె జేసిపెడితె నమలనీకె పండ్లు లెవ్వంటడు."

అట్లా అని లోపలికి తిరిగి, తన భాషలో కోడలికి ఏదో చెప్పింది. కోడలు చేటనిండా పచ్చజొన్నలు తెచ్చి నా ముందు పెట్టింది. గింజ గట్టిగా, పంటి కింద టప్పుమంది. వాటిని మోసుకుని భూపాలపల్లి బస్సెక్కాను.

తమ్ముడి ఇంట్లో ఇసుర్రాయి ఉంది. నీళ్ల డ్రమ్ము మూత గాలికి లేవకుండా దాని మీద బరువుకు పెట్టారు. మరదలూ నేనూ దాన్ని దించి కడిగాం. గిర్నిలో పట్టిస్తే పిండి అవుతుంది, గట్కకు పిండి పనికిరాదు. విసిరి, జల్లించి, బరక రవ్వ తీసి, మొదటిరోజు గట్క వండి పుంటికూర, అదే గోంగూర, పప్పుతో పెట్టాను. పక్కన చల్ల, ఉల్లిగడ్డ. తమ్ముడు మొదటి ముద్ద పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మ చేసినట్టే ఉంది," అన్నాడు.

"అమ్మ చేస్తె ఏడ్చి తినెటోనివి," అన్నాను. మరదలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

గట్క పని చేసింది. ఆ మాట నేను దాచను. అన్నం తిన్నాక కుర్చీలోనే తల వాల్చేసేవాడు, అది పోయింది. రాత్రి పదిసార్లు లేచేవాడు, అదీ తగ్గింది. అన్నం తిన్న గంటకే మళ్లీ ఏదో నోట్లో వేసుకునే మనిషికి గట్క తింటే పొద్దు వాలేదాకా ఆకలి లేకపోయింది. ఆకలి లేకపోతే కారబూంది పొట్లం లేదు, చాయ్‌లో ముంచుకునే బిస్కెట్ లేదు. పెట్టిన గట్క మేలు ఎంతో, మానిపించిన చెత్త మేలు ఎంతో నేను విడదీసి చెప్పలేను. రెండూ కలిసే చేశాయి. పరీక్షకు దవాఖానకు పోతే లేడీ డాక్టరు కాగితం చూసి, మళ్లీ చూసి, నా వైపు తిరిగింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

"గట్క."

"మా నానమ్మ తినేది. మంచిది, అదే నడిపించండి. ఇంజక్షన్ కొంచెం తగ్గిస్తున్నా." తర్వాత తమ్ముడికేసి చూసి గట్టిగా అంది, "తగ్గించమంటున్నా, మానమనడం లేదు. విన్నారా?"

విన్నానని తలూపాడు. ఆ రోజు నుంచే మా తమ్ముడు మనిషి మారాడు.

పొద్దున్నే గ్రౌండులో రిటైరైనవాళ్లు నడుస్తారు. అక్కడ వీడు గురువైపోయాడు. రోగం తిండితో వచ్చింది, తిండితోనే పోతుంది అని మొదలుపెట్టేవాడు. ఫోనులో ఎవరెవరో చెప్పినవి వినిపించేవాడు. దవాఖాన వాళ్లు ఇచ్చిన మెత్తటి చెప్పులు మూలన పడేసి వట్టికాళ్లతో నడవడం మొదలుపెట్టాడు. పాతకాలం వాళ్లు మట్టి తొక్కి బతికారట. కాలు నేలను తాకితేనే ఒంట్లో వేడి దిగుతుందట.

"మా బాపు పుట్టి బుద్ధెరిగి ఒక్క గోలి మింగలే," అనేవాడు. "గట్క తిని దినమంత అరక దున్నెటోడు. గా కాలంల షుగర్ ఎక్కడిది?"

మరదలు నా చెవి దగ్గరికి వచ్చి, "ఓట్లకు నిలబడ్తడేమో వదినె, గట్క కుండ గుర్తు మీద," అనేది.

తినడం కూడా మారింది. మొదట్లో నేను పెట్టినంత తినేవాడు. పోనుపోను, గట్క ఎంత తిన్నా మందే కదా అని రెండో ముద్ద, మూడో ముద్ద అడిగి వేయించుకున్నాడు. మా వైపు గట్క తినేవాళ్లకు ఒక అలవాటు ఉంది. ముద్ద చిన్నగా పెడితే అవమానం. పొలం పోయేవాడికి ముంతెడే పెట్టి పంపితే ఆ ఇంటి ఆడదానికి చెయ్యి రాదంటారు. వీడిది నాగలి పట్టినవాడి ముద్ద, కుర్చీలో కూర్చున్నవాడి ఒళ్లు. ఎక్కువైతుందిరా అంటే, "గట్కకు లెక్కేందక్కా!" అనేవాడు. ఇట్లాంటి పొరపాటు గట్క తిని పెరిగిన మాలాంటివాళ్లే చేస్తారు. కొత్తగా తినేవాళ్లు గిన్నెతో కొలుచుకుని తింటారు.

సూది మాత్రం ఎప్పుడూ ఎవరి ముందూ వేసుకోలేదు. బాయిలో పైనుంచి బండ పడినా కిక్కురుమననివాడికి అంగీ ఎత్తి పొట్టకు పొడుచుకోవడం నామోషీ. గదిలోకి పోయి తలుపు చేరేసేవాడు. వేసుకునే ఉంటాడని మేమనుకున్నాం.

ఒక పొద్దున పోపులోకి కల్యామాకు తెంపడానికి పెరట్లోకి పోయాను. జామచెట్టు పక్కన ప్రహరీ గోడ మొదట్లో చీమలు. ఒకటి రెండు వరసలు కావు, నేల నల్లగా కదులుతోంది. అక్కడ పండు రాలలేదు, ఎంగిలి పడలేదు. పొద్దున లేవగానే తమ్ముడు నీళ్లు వదిలే చోటు అది. ఇంట్లో రెండు బాత్రూములున్నా పల్లెటూరి అలవాటు పోలేదు వాడికి.

ఆ చీమల్ని చూస్తూ నిలబడ్డాను. నాకు మా ఊరి కొట్టం గోడ కనబడింది. మా బాపు ఆ గోడకు నీళ్లు వదిలేవాడు. ఆ గోడ కింద కూడా చీమలు ఇట్లాగే పట్టేవి. మా అమ్మ రోజూ పొయ్యి బూడిద తెచ్చి చల్లుతూ, "మీ బాపు ఒంట్ల బెల్లం ఊరుతున్నట్టుంది," అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. ఆ ఏడు బాపు కడవలకు కడవలు నీళ్లు తాగేవాడు. ఎండ దెబ్బ అన్నారు. తిండి ఎప్పటిలాగే తింటున్నా చిక్కి బొక్కలు తేలాడు. దిష్టి అన్నారు. తర్వాత వీపు మీద పుండు లేచింది. ఒక నోరు మానితే ఇంకో నోరు తెరిచేది. ఆకులు నూరి కట్టాం, వేపాకు నీళ్లతో కడిగాం. రాచపుండు అన్నారు. పుండుతోనే పోయాడు.

పుట్టిన దగ్గరి నుంచి గట్కే తిన్నాడు. పాలిష్ బియ్యం, మైదా, డబ్బా నూనె మా ఇంటి గడప దాటి రాని రోజులవి. చెప్పులు కూడా లేవు ఆయనకు. ఆ గోడ దగ్గర నిలబడే నాకు తెలిసింది, మా బాపుకు షుగర్ ఉండేదని. ఇన్నేళ్లూ షుగర్ గురించి వింటూనే ఉన్నాను, తమ్ముడికి వచ్చాక ఇంకా విన్నాను. ఒక్కసారి కూడా బాపుతో కలిపి అనుకోలేదు. రోగానికి వేరే పేరుంటే అది వేరే రోగమనుకుంటాం కదా.

లోపలికి పోయి ఫ్రిజ్ తెరిచాను. డాక్టరమ్మ ఇచ్చిన సూదిమందు సీసా తలుపు అరలోనే ఉంది. మూత మీద బిళ్ల కూడా ఊడలేదు.

తమ్ముడు ముందుగదిలో ఫోను చూసుకుంటున్నాడు.

"సూది ఎప్పటిసంది బంద్ వెట్టినవ్?" అని అడిగాను.

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"చీమలు చెప్పినయ్. జామచెట్టుకాడికి పోయి చూడు."

ఫోను పక్కన పెట్టాడు. "అక్కా, జర నా మాట ఇను. తగ్గింది గద. తగ్గినంక సూదెందుకు? ఒంటికి అలవాటైతె జన్మంత ఇడువదు. మన బాపు..."

"బాపుకు షుగర్ ఉండె."

"ఏంది?"

"కొట్టం గోడకాడ గివే చీమలు. గదే దూప, గదే బక్కచిక్కుడు. ఈపు మీద పుండు. నువ్వప్పుడు బాయిల ఉన్నవ్, మన్ను పొయ్యనీకె వచ్చినవ్. ఆ పుండు కడిగింది నేను."

"గది రాచపుండన్నరు గదా!"

"అన్నరు. మనకు తెల్సింది గా పేరే. నీ కాలి వేలు గా కాలంల నల్లవడితె దానికీ ఏదో ఓ పేరు పెడుతుండిరి."

"బాపు గట్క తిన్నడు, అక్కా." గొంతు తగ్గింది వాడిది. నన్ను బతిమాలుతున్నట్టుంది.

"తిన్నడు. నీకంటె ఎక్కువ తిన్నడు, నీకంటె ఎక్కువ కష్టం చేసిండు. ఆ కష్టంతోనే గన్నేండ్లు ఆగింది కావచ్చు. పోలేదు మాత్రం."

వంటింటి గడపలో నిలబడి మరదలు అంతా విన్నది. వచ్చి కింద కూర్చుని, మొగుడి ఎడమకాలు ఒళ్లోకి తీసుకుని అరికాలు పైకి తిప్పింది. బొటనవేలి కింద గుంత. ఆ గుంతలో ఒక కంకర పలుకు ఇరుక్కుని ఉంది. చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది.

"నొస్తలేదా?" అంది.

"నొస్తలేదు," అన్నాడు.

నొస్తోందని అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

భూపాలపల్లి దవాఖానలో చూసి, అక్కడి నుంచి పెద్ద దవాఖానకు రాసిచ్చారు. పాదం మొత్తం పోతుందా, సగం మిగులుతుందా అని వాళ్లూ వెంటనే చెప్పలేకపోయారు. వరండాలో కూర్చున్నాం మరదలూ నేనూ. అక్కడ నాలాంటి ముసలివాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరో ఒకాయన పక్కవాళ్లతో అంటున్నాడు, పాతకాలం మనుషులకు ఇట్లాంటి రోగాలెక్కడివి, ఆ తిండికి రాయిలా ఉండేవాళ్లు అని. ఆయనకు జవాబు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఉంటే చెప్పేదాన్ని. రాయిలా ఉన్నవాళ్లే మిగిలారు, మీరు వాళ్లనే చూశారు. నా తోడబుట్టినవాళ్లలో ఒకతె గట్క మింగే వయసు రాకముందే పోయింది. ఇంకొకతెకు పొద్దుగూకితే కళ్లు కనబడేవి కావు, గోడ పట్టుకుని నడిచేది. ఆకుకూరలు, పాలు కడుపునిండా దొరికితే ఆ కళ్లు పోయేవి కావట. మా ఇంట్లో జొన్నలుండేవి. జొన్నలొక్కటే ఉండేవి. పాత తిండి అంటే ఇప్పటివాళ్లకు చేటనిండా ఏడు రకాల గింజలు. మాకు పాత తిండి అంటే ఏది దొరికితే అదొక్కటి.

మిగిలిన వేళ్లన్నీ తీసేశారు, పాదం ముందుభాగం కొంత కోశారు. మడమ నిలిచింది. మడమ ఉంటే చెప్పుతో నడవొచ్చని అన్నారు.

ఇంటికి వచ్చాక భూపాలపల్లి డాక్టరమ్మ దగ్గరికే మళ్లీ తీసుకుపోయాం. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని మరదలు తర్వాత అంది. కట్టు విప్పి చూసి, కాగితం రాస్తుంటే మరదలే అడిగింది.

"మేడం, ఇగ గట్క బంద్ వెట్టాల్నా?"

"ఎందుకమ్మా? గట్క దాని పని అది చేసింది. దానికి చేతకాని పని దాని మీద పెట్టింది మీరు. తిననివ్వండి. కొలిచి పెట్టండి."

తర్వాత సూది తీసి మాకు చూపించింది. సన్నటి గొట్టం, దాని మీద వెంట్రుకల్లాంటి గీతలు, పక్కన అంకెలు. మరదలికి చదువు రాదు. తమ్ముడికి వచ్చు, కానీ వాడి చేతికి ఇవ్వడానికి ఇద్దరం ఒప్పుకోలేదు. నేను తల నెరిసాక ఊరి రాత్రిబడిలో పలక పట్టినదాన్ని. పెద్ద పుస్తకాలు చదవలేదు. బస్సు బోర్డులు, గోలీల అట్టలు, ఈ మధ్య ఇట్లా నాలుగు ముక్కలు రాయడం, అంతే నా చదువు. ఆ అంకెలు చదవగలిగాను కాబట్టి ఆ పని నాది. మొదటిరోజు కళ్లద్దాలు తుడుచుకుని, గీత మీద గీత చూసుకుని, వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు పొడిచాను.

గ్రౌండు స్నేహితుడొకడు చూడడానికి వచ్చాడు. వీడి మాట విని గోలీలు మానేశాడట. మాట మధ్యలో గొప్పగా చెప్పాడు, వీడు సంతోషిస్తాడని.

తమ్ముడు దుప్పటి తీసి కాలు చూపించాడు. "ఇంటికి పోంగనె ఏసుకో అన్నా," అన్నాడు. "నేను చెప్పిన గట్క తిను. నేను చెప్పిన మిగతదంత ఇడిశిపెట్టు."

ఆయన పోయాక చాలాసేపు తమ్ముడు గోడకేసి తిరిగి పడుకున్నాడు.

ఇప్పటికీ నేను జొన్నలు విసురుతూనే ఉన్నాను. మానుకోట నుంచి తెప్పిస్తాను, లేకపోతే దుకాణంలో ఉన్నవే ఏరుకుంటాను. రాత్రికి అప్పుడప్పుడు పిడికెడు అన్నం కూడా పెడతాను. అన్నం విషం కాదు, గట్క అమృతం కాదు. రెండూ తిండే. పొద్దున గట్క దించి ఆరబెట్టి, సూది పట్టుకుని వాడి మంచం దగ్గరికి పోతాను. వాడు అంగీ ఎత్తి, కిటికీ వైపు చూస్తాడు.

మొన్న ఒక పొద్దున అట్లా కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"అక్కా, బాపుకు గీ సూది ఉంటే?"

"గప్పుడు మన ఊరికి బస్సే లేకపాయె. సూదెక్కడిది?"

"ఉంటె అంటున్న."

గొట్టం వెలుతురుకు పట్టి గీత చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

"ఉంటె ఇంకిన్ని ఏండ్లు బతుకుతుండె," అన్నాను. "గట్క తినుకుంటనే బతుకుతుండె. కదలకు."